ఎడమచేతి బియ్యం

మా అక్క తెచ్చిన పిడికెడు బియ్యాన్ని మా సంఘం తీసుకోలేదు. ఒక్క ఆదివారం కాదు, రెండేళ్లు తీసుకోలేదు. ఎడమచేత్తో పోస్తుందని తీసుకోలేదు. ఆమెకు కుడిచెయ్యి లేదు.

ఈ మాటలు నేను చాలామంది ముందు చెప్పాను. మా గుడి అయ్యగారి ముందు చెప్పాను. ఆయన పైనుండే పెద్దయ్యగారు గుంటూరు నుంచి వచ్చినప్పుడు కారుకి అడ్డం నిలబడి చెప్పాను. విన్నవాళ్లు తల ఊపారు. తల ఊపడం జవాబెలా అవుతుంది? నేను బడికి వెళ్లినవాణ్ణి కాను. పచారీ కొట్టువాడు పొట్లాలు కట్టే కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నవాణ్ణి. అయినా ప్రశ్నకీ జవాబుకీ తేడా నాకు తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను.

మా పేటలో ప్రతి క్రైస్తవ ఇంట్లోనూ పొయ్యి పక్కన ఒక చిన్న కుండ ఉండేది. ఎసరు కాగుతుండగా ఇంటి ఆడది కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి ఆ కుండలో వేసేది. మిగిలినవి వండేది. ఉన్నవాళ్లకీ పిడికెడే, లేనివాళ్లకీ పిడికెడే. ఆదివారం ఆ బియ్యాన్ని కొంగున కట్టుకొచ్చి, గుళ్లో ప్రభువు బల్ల ముందున్న గంపలో ఎవరి చేత్తో వాళ్లు పోసేవాళ్లు. అందులో కొంత అయ్యగారి ఇంటికి వెళ్లేది, మిగిలింది దిక్కులేని ముసలివాళ్లకి. ఒకసారి కుండలో పడ్డ బియ్యం ఇక ఆ ఇంటిది కాదు. పస్తున్నా దాని జోలికి పోకూడదు. ఇది ఎవరూ కాగితం మీద రాసిన నియమం కాదు, మా తాతల నాటి నుంచీ నడిచింది.

అక్క చెయ్యి పత్తిమిల్లులో పోయింది. బెల్టులో పడితే మణికట్టు దాకా తీసేశారు. బావ అంతకు ముందే పోయాడు, పిల్లలు లేరు. మా ఇంటి గోడకి ఆనించి వేసిన పాకలో ఉండేది. చెయ్యి పోయాక మిరప కళ్లాల్లో ముచ్చికలు తీసే పనికి వెళ్లింది. ఎండుకాయని మొండిచేతి కింద అదిమిపట్టి, ఎడమచేత్తో తొడిమ తుంచేది. మిగతా ఆడవాళ్లు రెండు కాయలు తుంచేలోపు ఆమెది ఒకటయ్యేది, కూలి కూడా అలాగే ఇచ్చేవాళ్లు. రోజుకి ఒక్క పూటే పొయ్యి వెలిగించేది. ఆ ఒక్క పూట బియ్యంలోంచీ పిడికెడు తీసేది. నీకే చాలనప్పుడు ఇదెందుకని నేను కసురుకుంటే, ఇల్లన్నాక ఆ కుండ ఉండాలి గదరా అనేది. కుండ లేకపోతే అది ఇల్లు కాదన్నట్టు.

ఆసుపత్రి నుంచి వచ్చాక మొదటి ఆదివారం, కొంగుముడి పళ్లతో విప్పి, బియ్యం ఎడమచేతిలోకి తీసుకుని గంప మీదకి వంగింది. గంప దగ్గర మా స్త్రీల సమాజం పెద్ద నిలబడి ఉంది. వరసకి మాకు చెల్లెలవుతుంది. ఆవిడ గంపకి చెయ్యి అడ్డం పెట్టింది.

“ఆ చేత్తో వద్దక్కా. కడుక్కునే చెయ్యి గదా. అయ్యగారి పిల్లలు తినే బియ్యం.”

గొంతు తగ్గించే అంది. గుడంతా వినిపించింది.

నేను లేచి వెళ్లి, ఇటివ్వు, నేను పోస్తానన్నాను. అక్క ఇవ్వలేదు. నీ పిడికిలి నీది, నా పిడికిలి నాది అంది. బియ్యం మళ్లీ కొంగులో పోసుకుని, ముడి కొసని పళ్లతో లాగి బిగించి, ఆడవాళ్ల వరసలో చివర కూర్చుంది. పై ఆదివారం మళ్లీ తెచ్చింది. మళ్లీ చెయ్యి అడ్డం వచ్చింది. అలా కొన్నాళ్లు నడిచాక తీసుకురావడం మానేసింది. అయ్యగారు మంచివారే. కానీ నేను వెళ్లి అడిగితే, అది ఆడవాళ్ల వ్యవహారం, నేను కల్పించుకుంటే గంపే ఎత్తేస్తారు అన్నారు. చెయ్యి పోగొట్టుకున్న మనిషిని ఆ చెయ్యి లేదని శిక్షించడం ఏ వాక్యంలో ఉందో చూపించమన్నాను. ఆయన టీ తాగమన్నారు.

పత్తిని లద్దెపురుగు ఆకు మిగల్చకుండా తినేసింది ఆ పై ఏడు. ఊరి గాలంతా పురుగుమందు వాసన. కౌలుకి పత్తి వేసినవాళ్లు మొహాలు దాచుకుని తిరిగారు. గంపకి చెయ్యి అడ్డం పెట్టిన ఆ వరస చెల్లెలి మొగుడు కూడా ఆ ఏడు కౌలుకే వేశాడు. మిరప మాత్రం కాస్త పండింది. ఆ మిరప కోతల కాలంలో మూటలు మొదలయ్యాయి.

మా ఊళ్లో ఆ రోజుల మిట్టమధ్యాహ్నం ఎలా ఉండేదో తెలియకపోతే ఈ సంగతి అర్థం కాదు. ఊరి చుట్టూ కళ్లాల్లో కాయలు ఎర్రగా ఆరబోసి ఉండేవి. ఎండ ఆకాశంలోంచి కాక నేలలోంచి వస్తున్నట్టుండేది. గాలి కదిలితే చాలు, ఘాటు గొంతులో దిగేది. వీధిలో పిట్ట కనపడదు, మనిషి కనపడడు. మూసిన తలుపుల వెనక దగ్గులు వినపడేవి. ఒక ఇంట్లో మొదలైన దగ్గు పక్కింట్లోకి, అక్కణ్ణించి ఆ పక్కింట్లోకి, అలా వీధి చివరిదాకా నడుచుకుంటూ పోయినట్టుండేది. అక్కడ ఆగి, మళ్లీ వెనక్కి వచ్చేది. కళ్లాల మీద సుడిగాలి లేస్తే ఎర్రటి ధూళి మనిషెత్తు నిలబడి, కాసేపు ఎటు పోదామా అని చూసినట్టు చూసి, ఉన్నచోటే కూలిపోయేది. ఆ వేళప్పుడు మనుషులు కానివి తిరుగుతాయని మా అమ్మ మమ్మల్ని గడప దాటనిచ్చేది కాదు. గుడికి వెళ్లే మనుషులమై కూడా అది మాత్రం మేం వదులుకోలేదు.

తలుపులు తీసేసరికి గడప మీద మూట ఉండేది. పసిపిల్ల పిడికిలంత మూట. పాత గుడ్డముక్క, లోపల బియ్యం. పసుపు లేదు, కుంకుమ లేదు, నిమ్మకాయ లేదు. అవి ఉంటే జనం అంత భయపడేవాళ్లు కాదేమో, వాటికి విరుగుడు తెలుసు గనక. ఉత్త బియ్యానికి విరుగుడు ఎవరికీ తెలియదు.

మూట అన్ని ఇళ్లకీ రాలేదు. ఎక్కువగా మంచాన పడ్డ మనిషి ఉన్న ఇంటికి వచ్చేది. కొన్నాళ్లకి జనం దాన్ని తిరగేసి, మూట వచ్చిన ఇంట్లో మనిషి మంచాన పడుతున్నాడని చెప్పుకున్నారు. రైతుల వీధిలో ఒక ముసలాయన గడప మీద మూట కనపడ్డ మర్నాడు పోయాడు. ఆయన ఏడాదిగా లేవలేదన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. వాళ్లింటి ఆవు ముందు ఆ బియ్యం పోసి చూశారట. ఆవు మూతి పెట్టి, గట్టిగా ముక్కుతో చీది, కట్టుగొయ్య చుట్టూ తిరిగి వెనక్కి తగ్గిందట. ఆ మాట సాయంత్రానికి ఊరంతా పాకింది. ఆవు ముట్టని బియ్యం.

తర్వాత ఎవరో ముడి చూశారు. ముడి మీద పంటిగాట్లున్నాయి. ప్రతి మూటకీ ఉన్నాయి. చేతులున్నదేదైనా చేతులతో ముడేస్తుంది గదా, నోటితో వేసిందంటే అది ఏమై ఉంటుంది అని మా పేటలో ఒకావిడ అడిగింది. ఆ రోజు నుంచి మధ్యాహ్నం పిల్లల్ని గదిలో పెట్టి గొళ్లెం వేశారు. గడపలకి వేపమండలు కట్టారు, మా పేటలో కూడా. స్త్రీల సమాజం ఉపవాస ప్రార్థన పెట్టింది. ఇది చేతబడేనని మా చెల్లెలు గట్టిగా చెప్పింది. తన గడప మీదకి వచ్చిన మూటని చీపురుతో చేటలోకి నెట్టి కాలవలో పారేశానంది. మిగతావాళ్లు మేమూ అంతే అన్నారు.

ఆ ప్రార్థనకి ఒక మూట తెచ్చి గుడి మధ్యలో పెట్టారు. విప్పడానికి ఎవరూ ముందుకి రాలేదు. వీడికి దేనికీ భయం లేదు, వీడు విప్పుతాడని నన్ను పిలిచారు. భయం లేకపోవడమేమిటి, నాకూ ఉంది. మోకాళ్ల మీద కూర్చుని ముడి చూశాను. రెండు పళ్లు గుడ్డలోకి దిగిన గుర్తులు, మధ్యలో ఒక పన్ను ఖాళీ.

మా అక్కకి పైవరసలో ఒక పన్ను లేదు.

తెలిశాక భయం పోవాలి. పోలేదు. ఇంకో రకంగా పెరిగింది. రైతుల వీధివాళ్లు చీరాల వైపు నుంచి భూతవైద్యుణ్ణి పిలిపిస్తున్నారని అప్పటికే విన్నాను. కుర్రాళ్లు కర్రలు పట్టుకుని కాపు కాస్తామంటున్నారని విన్నాను. చేతబడి చేసిందని తేలితే మా వైపు ఏం చేసేవాళ్లో నేను చిన్నప్పుడు కళ్లారా చూశాను. మంత్రం పలకకుండా పళ్లు రాలగొడతారు. అక్కకి ఆ పళ్లే రెండో చెయ్యి. రవిక ముడి వేసుకున్నా, ఉప్పు పొట్లం విప్పినా, చేద తాడు పట్టినా ఆ పళ్లతోనే.

మర్నాడు మధ్యాహ్నం మా గోడ చాటున నిలబడ్డాను. ఘాటుకి కళ్లు మండుతున్నాయి. పాక తడిక కదిలింది. అక్క బయటికి వచ్చి, కొంగు ముక్కుకి అడ్డం కట్టుకుని, నీడ లేని వీధిలో నడిచింది. నేను వెనకాల వెళ్లాను. నాకు తెలిసిన మనిషే, నన్ను ఎత్తుకుని పెంచిన మనిషే, అయినా వెనక నుంచి చూస్తే ఎవరో అనిపించింది. ఆమె దాటుతున్న ఇంట్లో దగ్గు ఆగిపోయేది. ఆమె దాటాక మొదలయ్యేది. తలుపుల సందుల్లోంచి చూస్తున్నారో, ఊపిరి బిగబట్టి దేవుణ్ణి తలుచుకుంటున్నారో. మా చెల్లెలి ఇంటి ముందు ఆగింది. మూసిన తలుపు కేసి తల వంచి నిలబడింది. పెదాలు కదిలాయి. మొండిచేతి సందులోంచి మూట తీసి గడప మీద పెట్టి వెనక్కి తిరిగింది. నన్ను చూసింది. ఉలిక్కిపడలేదు.

“ఆ ఇంటికా?” అన్నాను.

“ఆ ఇంటి మీద పొగ లేదురా.”

“ఆవిడ ఉపవాసాల మనిషి. పొగెందుకుంటుంది?”

“పిల్లలు కూడానా?”

పాకకి వచ్చాక కూర్చోబెట్టి అంతా చెప్పాను. ఊరు ఏమనుకుంటోందో, కర్రల సంగతి, పళ్ల సంగతి. ఆమెకి అన్నీ తెలుసు. కుండలో పడ్డది తిరిగి ఎసట్లో పోస్తే దొంగతనం అంది. గంపలో పొయ్యనివ్వరు. మరి ఎక్కడ పొయ్యాలి? నలుగురూ చూసేట్టు ఇవ్వొద్దని వాక్యంలో ఉంది గదా, అందుకని ఎవరూ చూడని వేళ చూసుకున్నానంది. పొయ్యి వెలగని ఇల్లు చూసుకుని వెళ్లడమే తప్ప జబ్బు సంగతి ఆమె అనుకోనే లేదు. మంచాన పడ్డవాడి ఇంట్లో వండేదెవరు, అందుకే ఆ ఇళ్ల మీద పొగ లేదు. ఆవు సంగతి చెబితే మాత్రం నవ్వింది. అరచెయ్యి నా ముక్కు దగ్గర పెట్టింది. పొద్దుటి నుంచీ ముచ్చికలు తీసిన చెయ్యి. కళ్లలో నీళ్లు తిరిగాయి నాకు.

“భయపడి పారేస్తున్నారే అక్కా,” అన్నాను.

“పారేస్తే కోళ్లు తింటాయి. నా కుండలో ఉంటే పురుగు తింటుంది. ఏది నయం?”

ఆ ఆదివారం ప్రార్థన మధ్యలో నేను లేచి నిలబడ్డాను. సాక్ష్యం చెప్పడానికి అనుకుని అయ్యగారు కూర్చున్నారు. చెప్పాను. మీరు ఏ బియ్యం వద్దన్నారో ఆ బియ్యమే మీ గడపల మీదకి వచ్చింది, మీరు చేతబడి అని ప్రార్థన చేస్తున్నది ఆ బియ్యం మీదే, అవి దెయ్యం పళ్లు కావు మా అక్క పళ్లు, కావాలంటే నోరు తెరిపించి చూసుకోండి అన్నాను. గొంతు పెరిగింది, దాచుకోను. అక్క ఆడవాళ్ల వరస చివర తల వంచుకుని కూర్చుంది. ఎవరూ ఆమె వైపు తిరగలేదు. అప్పుడు మా చెల్లెలు, కూర్చున్నచోటి నుంచే, నేల చూస్తూ, ఏదైతేనేం, మేమైతే కాలవలో పారేశాం అంది. అయ్యగారు పాట ఎత్తుకున్నారు.

గుడి నుంచి నేరుగా రైతుల వీధి పెద్దమనిషి దగ్గరికి వెళ్లి ఆయనకీ చెప్పాను. ఓరినీ, ఆ ఒంటిచేతిదా అన్నాడు. భూతవైద్యుణ్ణి రావద్దని కబురు పంపాడు. పేటవాళ్లు ఊరివాళ్ల గడప మీద బియ్యం పెట్టడమేమిటని ఒక కుర్రాడు లేస్తే, ఏరా, మీ తాతకి నువ్వు పెట్టావా అని ఆయనే కూర్చోబెట్టాడు.

పళ్లు దక్కాయి. పై ఆదివారం అయ్యగారు గంప దగ్గర తానే నిలబడి అక్కని పిలిచారు. ఎడమచేత్తోనే పోసింది. మా చెల్లెలు కిటికీ వైపు తిరిగి నిలబడింది. రెండేళ్ల తగువు అలా అయిపోయిందని అందరూ అనుకున్నారు. సంఘం నుంచి ఒక్కరు కూడా తప్పయిందని అనలేదు. అక్కకి ఆ మాట అక్కర్లేకపోయింది. నాకు కావాలి.

అక్క ఆ తర్వాత గంపలో పొయ్యలేదు. గంప నిండుగానే ఉందిరా, ఆ ఇళ్లే నిండుగా లేవు అంది. మధ్యాహ్నాలు తిరగడం మానలేదు. ఏళ్లు గడిచాయి. ఊళ్లోకి సెల్‌ఫోన్లు వచ్చాయి, కాయలు నేరుగా కోల్డ్ స్టోరేజీకి పోవడం మొదలైంది. ఒంట్లో ఓపిక ఉన్నంతకాలం ఆమె తిరిగింది. కొన్నిసార్లు ఎండకి పడిపోతుందేమోనని నేనూ వెనక వెళ్లేవాణ్ణి. అప్పుడు ఒకటి కనిపెట్టాను. గొళ్లెం పడే తలుపులు ఇప్పుడు జానెడు తెరిచి ఉండేవి. లోపల చీకటి. మొహం కనపడదు, మాట వినపడదు. అక్క గడప మీద మూట పెట్టి నాలుగడుగులు వేసేది. నేను తిరిగి చూసేసరికి గడప ఖాళీ. చెయ్యి కనపడేది కాదు, గాజుల చప్పుడు కూడా ఉండేది కాదు. ఆ జానెడు చీకటే మూటని మింగినట్టుండేది. చేతబడి అన్న రోజుల్లో కంటే అప్పుడు నాకు ఎక్కువ ఒళ్లు జలదరించేది.

అడిగితే మాత్రం అందరిదీ ఒకటే మాట, కాలవలో పారేశాం. నేను కాలవ గట్టు వెంట వెతికాను. నీళ్లు కట్టేసిన నెలలో కాలవ లోపలికి దిగి, ఎండిన బురదలో ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచాను. అట్టలు, మందు సీసాలు, చెప్పులు ఉన్నాయి. గుడ్డముక్క ఒక్కటి లేదు. మా చెల్లెలు ఎక్కడ కనపడినా అడిగేవాణ్ణి. పెళ్లి పందిట్లో అడిగాను, బస్సులో అడిగాను. ఆ మూటలు ఏ కాలవలో పారేశావమ్మా? ఆవిడ కొంగు సర్దుకుని పక్కకి తప్పుకునేది. ముసలాడికి ఇదే పని అని నవ్వేవాళ్లు. నవ్వనీ.

అక్క జ్వరంతో పోయింది. సమాధి చేసిన మర్నాడు, ఇంట్లో ఉండలేక, మధ్యాహ్నం వేళ వీధిలోకి వచ్చాను. అవి మిరప కోతల రోజులే. ఘాటు ఉంది, దగ్గులు ఉన్నాయి. ఆమె నడిచే దారినే నడిచాను. తలుపులు తెరిచి ఉన్నాయి. ఆమె పోయిందని ఆ వీధిలో తెలియనివాళ్లు లేరు, ముందురోజు మట్టి వేసిన చేతులే అవన్నీ. అయినా ఇంటి తర్వాత ఇల్లు, ప్రతి తలుపూ జానెడు తెరిచి ఉంది. నేను దాటుతుంటే దగ్గులు ఆగుతున్నాయి. మా చెల్లెలి గడప ముందు ఆగిపోయాను. లోపల ఎవరో ఊపిరి తీస్తున్నారు. కోపం వచ్చిందో ఏడుపు వచ్చిందో చెప్పలేను. ఆ చీకటిని చూసి మళ్లీ అదే అడిగాను, ఏ కాలవలో పారేశావని.

తలుపు కదల్లేదు. మనిషి కనపడలేదు. ఆ చీకట్లోంచి మా చెల్లెలి గొంతు వచ్చింది.

“పారెయ్యలేదన్నయ్యా. ఒక్కటీ పారెయ్యలేదు. పత్తి పోయిన ఏడు మా పొయ్యి వెలగలా. సమాజం పెద్దని, పోయి ఎవరి గడపలో అడుక్కోను? మొదటి మూట చూసి వణికిపోయా. పొద్దుగూకేదాకా ముట్టలా. పిల్లలు ఏడుస్తుంటే కడిగి వండా. ముందు నేను తిన్నా. చస్తే నేనే చస్తానని తిని, గోడకానుకుని కూర్చున్నా. ఏం కాలా. అప్పుడు పిల్లలకి పెట్టా. పంటిగాట్లు చూడంగానే అక్కేనని తెలిసింది నాకు. నీకంటే ముందే తెలిసింది. తెలిసీ చేతబడి అన్నా. చెబితే ఆ చేతి కూడు తిన్నానని గుళ్లో చెప్పాలి గదా. వీధిలో అందరం తిన్నాం, అందరం అదే మాటన్నాం. ఇయ్యాళ అక్క రాదని తెలుసు. ఈ వేళకి తలుపు మూయడం చేతకాలా, అంతే.”